ఒక్క ఆక్టోపస్ కోసం 434 లీటర్లు: పరిశీలన ట్యాంకు ప్రాజెక్టు డైరీ

ఇలాంటి ట్యాంకే కట్టబోయేవాళ్లు దీన్ని చూసి కట్టుకోవాలని, ఇక్కడ చెడినవి మళ్లీ అక్కడ చెడకూడదని ఈ డైరీ రాస్తున్నాం. పెంచేది కాలిఫోర్నియా రెండు చుక్కల ఆక్టోపస్, శాస్త్రీయ నామం ఆక్టోపస్ బైమాక్యులాయిడీస్. 2015లో మొదటిసారి పూర్తి జన్యుక్రమం వెలువడిన ఆక్టోపస్ ఇదే. దీన్ని ఎంచుకోవడానికి కారణం గుడ్లు. గుడ్డు పెద్దది, అందులోంచి వచ్చే పిల్ల మొదటి రోజునుంచే అడుగున పాకుతూ వేటాడుతుంది. ఆక్టోపస్ వల్గారిస్ పిల్లలైతే వారాల తరబడి ప్లవకాల్లో తేలుతూ బతుకుతాయి, వాటిని ట్యాంకులో నిలబెట్టడం చాలా కష్టం. రెండు చుక్కలదాన్ని మనుషుల దగ్గరే పుట్టించి పెంచవచ్చు, సముద్రం నుంచి పట్టి తేనక్కర్లేదు.

దీని ఆయుష్షు ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ట్యాంకు సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ నెలలు దాని బతుకులోంచి పోకూడదు. అందుకే నీళ్లు నిలకడగా ఉన్నాయని కొలిచి తేల్చుకున్నాకే జంతువు రావాలి. ఈ ప్రాజెక్టులో మార్చకుండా పట్టుకున్న నియమం ఇదొక్కటే.

నీలి ఉంగరాల ఆక్టోపస్‌కు ఈ డైరీ వర్తించదు. దాని లాలాజలంలో టెట్రోడోటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది, కాటుకు విరుగుడు మందు లేదు. దాన్ని పెంచే ఆలోచనే వద్దు.

దశ 1: కాగితం మీద లెక్క

ప్రధాన ట్యాంకు 120 × 60 × 60 సెం.మీ. నీటి మట్టం 52 సెం.మీ. దగ్గర ఆపాలి, పైన 8 సెం.మీ. ఖాళీ కావాలి. ఆ లెక్కన 374 లీటర్లు, రాళ్లు పట్టే చోటు 10 లీటర్లు పోతే 364. కింద సంప్ (ఫిల్టర్, పంపు ఉండే రెండో తొట్టి) 80 × 40 × 40 సెం.మీ., అందులో నీరు 22 సెం.మీ., అంటే 70 లీటర్లు.

మొత్తం నీరు: 434 లీటర్లు.

ఇక మాలిన్యం. ఆక్టోపస్ మాంసాహారి. ప్రొటీన్ తింటుంది, అమోనియా వదులుతుంది. అంతే బరువున్న చేపతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఎక్కువ వదులుతుంది. చేపల ట్యాంకు అలవాటుతో ఫిల్టర్ కొంటే చాలదు. లెక్క ఇలా వేశాం:

1. ఎదిగిన జంతువు బరువు 300 గ్రాములు, రోజు తిండి అందులో 4 శాతం: 12 గ్రాములు.
2. రొయ్య మాంసంలో ప్రొటీన్ దాదాపు 20 శాతం: 2.4 గ్రాములు.
3. ప్రొటీన్‌లో నత్రజని 16 శాతం: 0.38 గ్రాములు.
4. అదంతా నీళ్లలోకే వచ్చిందనుకుంటే 434 లీటర్లకు పంచితే: లీటరుకు రోజుకు 0.88 మి.గ్రా. నత్రజని.

నిజానికి తిన్నదాంట్లో చాలా భాగం ఒంట్లోకే పోతుంది. ఆక్టోపస్ ఎదుగుదల అంత వేగం. అయినా ఫిల్టర్‌ను గడ్డు రోజుకు కట్టాలి. తిండి ముక్క రాతి కింద కుళ్లిన రోజు పై లెక్కే నిజమవుతుంది. కాబట్టి లక్ష్యం ఇది: లీటరుకు 2 మి.గ్రా. అమోనియాను 24 గంటల్లో సున్నా చేయగలగాలి, నైట్రైట్ కూడా సున్నా కావాలి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది.

దశ 2: రాగి వేట

ఆక్టోపస్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హీమోసయనిన్. అందులో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, రక్తం నీలంగా కనిపించేది అందుకే. ఒంట్లో రాగి ఉంది కదా అని నీళ్లలో రాగిని తట్టుకోదు. నీళ్లలో కరిగిన రాగి అతి కొద్దిగా ఉన్నా విషమే. నీళ్లు పోసేముందే కింది వాటిని ఒక్కొక్కటిగా ఏరాం.

1. ఇత్తడి నాజిల్, ఇత్తడి కవాటం, ఇత్తడి క్లిప్: అన్నీ తీసేసి పీవీసీ, నైలాన్ పెట్టాం.
2. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం): లోపల నీటికి తగిలే గొట్టం టైటానియందే కావాలి.
3. పాత రాళ్లు, పాత ట్యాంకు: చేపల పరాన్నజీవులకు రాగి మందు వాడిన ట్యాంకైతే రాళ్లూ సిలికానూ దాన్ని పీల్చుకుని నెలల తరబడి వదులుతూనే ఉంటాయి. అలాంటివి కడిగినా వద్దు. పాత చరిత్ర తెలియని రాళ్లను మొత్తం పక్కన పెట్టేశాం.
4. కుళాయి నీళ్లు రాగి గొట్టాల్లోంచి రావచ్చు. ఆర్‌ఓ నీళ్లతోనే ఉప్పునీరు కలపాలి.

ఉప్పు: లీటరుకు 37 గ్రాముల మిశ్రమం వేస్తే లవణీయత వెయ్యికి 35 వచ్చింది. 434 లీటర్లకు 16 కిలోలు. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోవాలి. ఆర్‌ఓ నీటితో సున్నా పెట్టి వదిలేస్తే పైకొలతలో ఒకటి రెండు అంకెలు తేడా రావచ్చు.

ఇప్పటివరకు లెక్క: నీరు 434 లీటర్లు, ఉప్పు 16 కిలోలు, లవణీయత 35, పీహెచ్ 8.2, రాగి పరీక్షలో సున్నా.

దశ 3: మూత

ఎక్కువ చెడిపోయింది, ఎక్కువ మార్చింది ఇదే. ఆక్టోపస్ ఒంట్లో గట్టి ఎముక లేదు. గట్టిగా ఉండేది నోటిలోని ముక్కొక్కటే, చిలక ముక్కులా ఉంటుంది. అది పట్టే సందులోంచి మిగతా ఒళ్లంతా జారిపోతుంది. న్యూజిలాండ్‌లోని నేపియర్ జాతీయ అక్వేరియం నుంచి ఇంకీ అనే ఆక్టోపస్ మూత సందులోంచి బయటపడి, నేల మీద పాకి, మురుగు గొట్టం ద్వారా సముద్రంలోకి వెళ్లిపోయిన సంగతి 2016లో ప్రపంచమంతా విన్నది. దానికి గొట్టం చివర సముద్రం ఉంది. గదిలోకి జారిన ఆక్టోపస్‌కు ఉండేది ఎండిన నేల.

మొదటి మూత: ఒకే పలక, 6 మి.మీ. యాక్రిలిక్. కింది వైపు తేమ పీల్చుకుని ఉబ్బింది, పై వైపు పొడిగానే ఉంది, పలక వంగిపోయింది. మూలల దగ్గర 5 మి.మీ. సందు తేలింది. మీద బరువులు పెడితే సందు మూసుకున్నట్టే ఉంటుంది గానీ నమ్మడానికి లేదు. ఒక మూల నుంచి నెడితే రెండో మూల లేస్తుంది.

రెండో మూత: పాలీకార్బొనేట్, రెండు ముక్కలు, మధ్యలో గాజు అడ్డపట్టీ. వంగడం ఆగింది. వైర్లు, గొట్టాలు వెళ్లే రంధ్రాలు మాత్రం మిగిలాయి. వాటిలో స్పాంజి కుక్కితే వేలితో లాగినా ఊడివచ్చింది. స్పాంజి తీసేసి వైరు చుట్టూ బిగుసుకునే కేబుల్ గ్లాండులు పెట్టాం, గొట్టాలకు అలాగే బిగుసుకునే బల్క్‌హెడ్ జాయింట్లు.

బిగింపులు ముందు నాలుగు మూలల్లోనే ఉండేవి. మూతను 5 కిలోల బలంతో పైకి లాగి, అంచు వెంబడి 3 మి.మీ. కడ్డీ దూరుతుందేమో చూడటం మా పరీక్ష. మూలల దగ్గర దూరలేదు, పొడవు మధ్యలో దూరింది. బిగింపులు ఎనిమిదికి పెంచాక ఎక్కడా దూరలేదు. స్ప్రింగ్ త్రాసును మూత పై కొక్కేనికి తగిలించి పైకి లాగితే ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. చేత్తో నొక్కి చూసి బాగానే ఉందనుకోవడం పరీక్ష కాదు.

మూత తెరిచిన క్షణాల కోసం, ట్యాంకు లోపలి అంచు చుట్టూ 10 సెం.మీ. వెడల్పున కృత్రిమ గడ్డి. చూషకం (చేతి మీది పీల్చే గిన్నె) పట్టుకోవాలంటే అంచు గాలి చొరబడకుండా అతకాలి, గడ్డి మీద అతకదు. సిలికాన్‌తో అంటిస్తే గడ్డి వెనుక ప్లాస్టిక్‌ను జిగురు పట్టలేదు, ఊడొచ్చింది. యాక్రిలిక్ పట్టీ కింద ఇరికించి నైలాన్ బోల్టులతో బిగించాం.

దశ 4: గొట్టాలు, కవాటాలు, కరెంటు

2009లో సాంటా మోనికా పియర్ అక్వేరియంలో ఇదే జాతి ఆక్టోపస్ ఒకటి నీటి కవాటాన్ని లాగేసి నేలంతా వరద పెట్టింది. దాని చేతికి అందే చోట ఏదైనా కదిలిందంటే, అది తప్పకుండా కదిలిస్తుంది. ప్రధాన ట్యాంకు లోపల కవాటాలు, ఊడే జాయింట్లు, సక్షన్ కప్పులు ఏవీ ఉంచలేదు.

ఓవర్‌ఫ్లో (ట్యాంకు నీరు సంప్‌లోకి దిగే చోటు) ముందు 6 మి.మీ. పళ్ల దువ్వెన ఉండేది. దానికి 3 మి.మీ. ప్లాస్టిక్ వల తొడిగితే పీత గుల్లల ముక్కలు అడ్డుపడి నీటి మట్టం పెరిగింది. వల తీసేయడం దారి కాదు, వల వైశాల్యం పెంచాలి. పలకలా కాకుండా పెట్టెలా, మూడు వైపుల నుంచీ నీరు వచ్చేట్టు మార్చాం. 2 సెం.మీ. పైన అత్యవసర గొట్టం రెండోది, దానికీ వలే. పంపు పీల్చే చోట ముతక స్పాంజి: చేతిని పంపు పీల్చుకుంటే చర్మం చీలుతుంది.

పంపు డబ్బా మీద గంటకు 4,000 లీటర్లని రాసి ఉంది. 1.3 మీటర్ల ఎత్తుకు తోడినప్పుడు 10 లీటర్ల బకెట్ 14 సెకన్లలో నిండింది, అంటే గంటకు 2,570. ట్యాంకు నీరు గంటకు ఏడుసార్లు తిరుగుతుంది, చాలు.

కరెంటు పోతే: తిరిగి వచ్చే నాజిల్ నీటికి 2 సెం.మీ. కింద ఉంది. 120 × 60 సెం.మీ. మీద 2 సెం.మీ. అంటే 14.4 లీటర్లు, గొట్టాల్లోది 4. సంప్‌లో ఖాళీ 58 లీటర్లు. పొంగదు.

ఆవిరైన నీటిని నింపే ఆర్‌ఓ డబ్బా 15 లీటర్లకు మించకూడదు. ఆక్టోపస్ తన ఒంటి లవణాలను చుట్టూ ఉన్న నీటితో సమానంగానే ఉంచుకుంటుంది, నీళ్లు పలచబడితే తట్టుకునే ఏర్పాటు దానికి లేదు. ఫ్లోటు ఇరుక్కుని డబ్బా మొత్తం ఖాళీ అయినా 15 లీటర్లతో లవణీయత 33.8కే దిగుతుంది. 60 లీటర్ల డబ్బా అయితే 30.7.

ఆక్టోపస్ తన ఒంటికున్న గొట్టంలోంచి నీటిని దీపాల మీదికి చిమ్మగలదు. ప్రతి వైరూ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి పైకి వెళ్లాలి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పనిసరి.

దశ 5: చల్లదనం, ఆక్సిజన్

హీమోసయనిన్ మన హీమోగ్లోబిన్ అంత ఆక్సిజన్ మోయలేదు. ఆ లోటు పూడ్చడానికే మూడు గుండెలు: రెండు మొప్పలకు రక్తాన్ని నెడతాయి, ఒకటి ఒంటికి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఈ ఏర్పాటు త్వరగా అలసిపోతుంది. ఉప్పునీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 7.4 మి.గ్రా. ఆక్సిజన్ పట్టుకుంటుంది, 25 దగ్గర దాదాపు 6.8. వేడెక్కినకొద్దీ జంతువుకు కావలసింది పెరుగుతుంది, నీళ్లిచ్చేది తగ్గుతుంది. వేడి ఆయుష్షును కూడా తగ్గిస్తుంది. లక్ష్యం 20 డిగ్రీలు.

పంపు, స్కిమ్మర్ (నురగతో మాలిన్యం తీసే పరికరం), నీళ్లు తిప్పే మోటారు కలిపి 70 వాట్లు. అదంతా చివరికి నీళ్లలో వేడే. బయటికి పోయే దారి లేకపోతే 434 లీటర్లు రోజుకు 3.4 డిగ్రీలు వేడెక్కుతాయి. చిల్లర్‌ను గది వేడికి మాత్రమే లెక్కగట్టి కొంటే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పటివరకు లెక్క: నీటి వేడి 20 డిగ్రీలు, ఆక్సిజన్ 7.1, ప్రవాహం గంటకు 2,570 లీటర్లు, మూత బిగింపులు 8.

దశ 6: బ్యాక్టీరియా

సంప్‌లో 12 లీటర్ల ప్లాస్టిక్ బయోమీడియా (బ్యాక్టీరియా పట్టి పెరిగే ముక్కలు). అమోనియం క్లోరైడ్ ద్రావణంతో లీటరుకు 2 మి.గ్రా. అమోనియా. నీళ్లను 26 డిగ్రీల్లో ఉంచాం, బ్యాక్టీరియా త్వరగా పెరగాలని. అమోనియా ముందు సున్నాకు వచ్చింది, నైట్రైట్ చాలాకాలం దిగలేదు. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. ఈ మధ్యలో అమోనియా మోతాదు పెంచితే నైట్రైట్ ఇంకా పేరుకుంటుంది, దాన్ని పెంచకుండా ఓపిక పట్టాలి.

26 డిగ్రీల్లో 24 గంటల్లో రెండూ సున్నా అయ్యాయి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. చిల్లర్ వేసి 20కి దించి అదే పరీక్ష పెడితే నైట్రైట్ 0.25 మిగిలింది. చల్లటి నీళ్లలో బ్యాక్టీరియా పని మందగిస్తుంది. మీడియాను 18 లీటర్లకు పెంచి, 20 డిగ్రీల్లోనే మళ్లీ పండనిచ్చాక సున్నా వచ్చింది. జంతువు ఏ వేడిలో బతుకుతుందో ఆ వేడిలోనే పరీక్ష పెట్టాలి.

నైట్రేట్ లెక్క వేరు. తిన్న నత్రజనిలో సగం నీళ్లలోకి వస్తుందనుకుంటే వారానికి లీటరుకు 14 మి.గ్రా. నైట్రేట్ చేరుతుంది. వారానికి 25 శాతం నీళ్లు మారిస్తే అది 55 దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. 40 శాతం మారిస్తే 34 దగ్గర ఆగుతుంది. 40 శాతమే పెట్టుకున్నాం: 174 లీటర్లు, వారానికి 6.4 కిలోల ఉప్పు. 200 లీటర్ల పీపాలో ఈ నీళ్లు ఎప్పుడూ కలిపి, 20 డిగ్రీల్లో సిద్ధంగా ఉంటాయి. ఆక్టోపస్ సిరా చిమ్మిన రోజు ప్రాణం కాపాడేదీ ఇవే.

దశ 7: గూడు, జంతువు రాక

రాళ్లను అడుగు గాజు మీదే నిలబెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద పెడితే ఆక్టోపస్ కింద తవ్వుతుంది, రాయి పడుతుంది. గూడు 75 మి.మీ. పీవీసీ మోచేతి గొట్టం, ఒక వైపు గాజుకు ఆనుకుని, ఆ గాజు బయట ఎర్ర ఫిల్మ్. ఎరుపు దీనికి సరిగ్గా కనిపించదు కాబట్టి లోపల దానికి చీకటే, మనకు మాత్రం కనిపిస్తుంది. గూడు లేని ఆక్టోపస్ తిండి మానేస్తుంది. పగడాలు, సముద్ర పుష్పాలు (సీ అనిమోన్లు) వేయకండి, అవి కుడతాయి.

1. జంతువు వచ్చిన సంచిలోని నీటి లవణీయత కొలవండి. తేడా ఒకటి మించితే చుక్కచుక్కగా కలపాలి, తొందర వద్దు.
2. సంచిలో సిరా ఉంటే ఆ నీళ్లను వెంటనే తీసేయాలి, ట్యాంకులోకి పోయకూడదు.
3. వలతో ఎత్తవద్దు, చూషకాలు చిక్కుకుంటాయి. సంచిని నీళ్లలో వంచి అదే బయటికి వచ్చేదాకా ఆగాలి.
4. దీపాలు ఆర్పి, మూత బిగించి, మర్నాటిదాకా కదిలించకూడదు.

ట్యాంకులో సిరా చిమ్మితే: స్కిమ్మర్ పూర్తి వేగం, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ 400 గ్రాములు, పీపాలోని నీళ్లతో వెంటనే మార్పు. సిరాలోని మెలనిన్, జిగురు మొప్పలకు పట్టుకుంటాయి. సముద్రంలో జంతువు పారిపోతుంది, ట్యాంకులో పారిపోయే చోటు లేదు.

తిండి: బతికున్న చిన్న పీత, కరిగించిన రొయ్య, ఆల్చిప్ప మార్చిమార్చి. దీని ఆహారనాళం మెదడు మధ్యలోంచి పోతుంది, అందుకే మాంసాన్ని సన్నగా తురుముకునే మింగుతుంది. మిగిలిన గుల్లలను రోజూ తీయాలి. ఆల్చిప్పలో సన్నటి రంధ్రం ఉంటే లాగి తెరవలేక తొలిచి, విషం ఎక్కించి తెరిచిందన్నమాట. అలాంటి గుల్లలను దాచి కొలవండి, దాని వేట పద్ధతి అక్కడ చదవవచ్చు.

దశ 8: గమనించే ఏర్పాటు

ముందు 850 నానోమీటర్ల పరారుణ కెమెరా పెట్టాం. గూడు బాగానే కనిపించింది, వెనుక గోడ మాత్రం నల్లగా వచ్చింది. కెమెరా లోపం కాదు, నీటి స్వభావమే అంత. మీటరు నీళ్లు దాటేసరికి ఆ కాంతి నూటికి రెండు పాళ్లు కూడా మిగలదు. వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 60 సెం.మీ. ట్యాంకంటే 1.2 మీటర్లు. 660 నానోమీటర్ల ఎర్ర దీపానికి మార్చాం. మీటరు నీళ్లలో మూడింట రెండు పాళ్లు మిగులుతుంది. దీపం మసకగానే ఉండాలి.

నిమిషానికి ఒక ఫొటో చాలదు. ఆక్టోపస్‌కు రెండు రకాల నిద్ర ఉంది. ఒళ్లు తెల్లబారి, కళ్లు సన్నగా మూసుకుని ఉండే నిశ్చల నిద్ర ఒకటి. రంగులూ చర్మపు బొడిపెలూ చకచకా మారే చురుకు నిద్ర రెండోది. 2023లో ఆక్టోపస్ లాక్వియస్ మీద వచ్చిన పరిశోధనలో ఈ చురుకు నిద్ర దాదాపు గంటకోసారి, ఒక్కో నిమిషం పాటు కనిపించింది. నిమిషానికో ఫొటో అయితే ఒక్కటి దొరికితే దొరుకుతుంది, అదీ ఏమిటో తెలియదు. సెకనుకు ఒకటి పెట్టాం: రోజుకు 86,400 ఫొటోలు, ఒక్కోటి 200 కిలోబైట్లు, రోజుకు 17 గిగాబైట్లు, వారానికి 121.

నేర్చుకునే పరీక్షలకు వస్తువులు ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, దీని కంటిలో కాంతిని పట్టే వర్ణకం ఒకే రకం, రంగులు వేరుచేయలేదు. ఎరుపు, పచ్చ బంతులిస్తే అది వెలుగు తేడాను నేర్చుకుంటుంది, మనం రంగు నేర్చుకుందని రాసుకుంటాం. 1992లో నేపుల్స్‌లో పరిశోధకులు గ్రాజియానో ఫియోరితో, పియెట్రో స్కాట్టో ఆక్టోపస్‌ల నేర్చుకునే పరీక్షకు ఎర్ర, తెల్ల బంతులు వాడారు, వాటి మధ్య వెలుగు తేడా స్పష్టం. రెండు, తాకి నేర్చుకునేటప్పుడు గరుకుదనాన్ని పట్టుకుంటుంది, బరువు తేడాను నేర్చుకోలేదు. చేతుల్లోనే మూడింట రెండు వంతుల నాడీకణాలున్న జంతువు కదా, ప్రతి చేయీ తన సమాచారమంతా మెదడుకు పంపదు.

సీసా పరీక్ష మెట్లు:

1. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా, మూత లేకుండా, లోపల పీత.
2. మూత ఊరికే పైన పెట్టి.
3. పావు చుట్టు బిగించి.
4. పూర్తిగా బిగించి.

మూడో మెట్టులో ఆగిపోయింది. సీసాను పట్టుకుని వదిలేసేది. కారణం రుచి. చూషకాల్లో రుచి పట్టే గ్రాహకాలు ఉన్నాయి (2020లో ఇదే జాతిలో వాటిని గుర్తించారు), మూసిన సీసా పైన వాటికి ఏ రుచీ తగలడం లేదు. సీసాకు రంధ్రాలు పెడితే చేతి కొన దూర్చి పీతను పట్టుకుని మూత జోలికే పోలేదు. 1 మి.మీ. రంధ్రాలు మూతలోనే పెట్టి, మూత అంచుకు రొయ్య రసం రాశాక పని సాగింది. అంటే ఇక్కడ కొలిచేది తెలివి ఒక్కటే కాదు, ప్రయోగం ఆ జంతువు ఇంద్రియాలకు సరిపోయిందో లేదో కూడా.

ఒకే వస్తువును రోజూ ఇవ్వకండి. ఆసక్తి తగ్గితే గూట్లోంచి రాదు, పని లేక తన చేతి కొనలను కొరుక్కోవడం ఒత్తిడికి గుర్తు.

దశ 9: ముసలితనం, ట్యాంకును నిలపడం

తిండి మానడం, పగలే తిరగడం, మానని తెల్లటి పుండ్లు, రంగు మార్చడంలో మందగింపు: ఇవి కలిసి కనిపిస్తే ముందు నీళ్లు పరీక్షించండి. నీళ్లన్నీ సరిగ్గా ఉంటే అది ముసలితనం. ఆడది జత కట్టకపోయినా గుడ్లు పెట్టి వాటికి కాపలా కాస్తూ తిండి మానేయవచ్చు. ఇది జబ్బు కాదు. కంటి దగ్గరి ఆప్టిక్ గ్రంథి దీన్ని నడుపుతుంది, 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ ఆ గ్రంథిని తొలగిస్తే ఆడ ఆక్టోపస్‌లు మళ్లీ తిని ఎక్కువకాలం బతికాయి. మందులు వేసి నీళ్లు పాడుచేయవద్దు. పరీక్షలన్నీ ఆపేయాలి, దీపాలు తగ్గించాలి, తిండి చిన్న ముక్కలుగా గూటి దగ్గరికే ఇవ్వాలి. బాధ ఎక్కువైతే మెగ్నీషియం క్లోరైడ్ మత్తుతో ముగించే నిర్ణయం పశువైద్యుల చేతుల్లో ఉండాలి. ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశం ప్రయోగ జంతువుల రక్షణలో ఆక్టోపస్‌లనూ చేర్చింది, ఆ నిబంధనలు లేని చోట కూడా వాటినే ప్రమాణంగా తీసుకోండి.

జంతువు పోయి ట్యాంకు ఖాళీ అయ్యాక ఫిల్టర్‌ను ఆపవద్దు:

1. ఇసుక కడిగి, గూడు తీసి ఎండబెట్టాలి.
2. నీళ్లు 50 శాతం మార్చాలి.
3. రోజు విడిచి రోజు లీటరుకు 1 మి.గ్రా. అమోనియా వేయాలి, లేకపోతే బ్యాక్టీరియా ఆకలికి తగ్గిపోతుంది.
4. మూత గ్లాండులు, గ్యాస్కెట్లు మార్చి 5 కిలోల లాగుడు పరీక్ష మళ్లీ చేయాలి.
5. కొత్త జంతువుకు ముందు 20 డిగ్రీల్లో 2 మి.గ్రా. పరీక్ష, 24 గంటల్లో రెండూ సున్నా.

ఇప్పటివరకు లెక్క: నీరు 434 లీటర్లు, మీడియా 18 లీటర్లు, వారానికి మార్పు 174 లీటర్లు, ఉప్పు 6.4 కిలోలు, ఫొటోలు 121 గిగాబైట్లు. తర్వాతి పని: చిల్లర్ ఆగితే మోగే అలారం, 22 డిగ్రీల దగ్గర.